జపాన్ వాళ్ళ స్కిన్ కేర్ గురించి అడిగినవాళ్ళందరికీ: ముందు రుద్దడం మానేయండి

మీరు ఇప్పుడు ఏ క్రీము వాడుతున్నా సరే, దాన్ని మార్చే ముందు ఒక పని చేయండి. ముఖాన్ని రుద్దడం మానేయండి. సబ్బుతో రుద్దడం, స్క్రబ్బుతో రుద్దడం, కడిగాక తువ్వాలుతో రుద్దడం, మాయిశ్చరైజర్ పూసేటప్పుడు అరచేతుల్తో కిందికీ మీదికీ రుద్దడం, అన్నీ. నేను టోక్యోలో ఎదొగావా వార్డులోని నిషికసాయ్‌లో ఉంటున్నాను (మన దేశం వాళ్ళు బాగా ఎక్కువగా ఉండే ఏరియా, స్టేషన్ దిగగానే తెలుగు మాటలు వినపడతాయి). ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా పిన్నో వదినో ఎవరో ఒకరు "అక్కడివాళ్ళ చర్మం అంత నున్నగా ఎలా ఉంటుంది, ఏం రాస్తారు?" అని అడుగుతూనే ఉంటారు. ఏం రాస్తారో చెబుతాను. కానీ ఇక్కడికి వచ్చాక నా కంటికి ముందు పడింది వాళ్ళు రాసే తీరు. జిమ్‌లో, వేడినీటి బుగ్గల స్నానశాలల్లో అద్దాల ముందు కూర్చున్న ఆడవాళ్ళని గమనిస్తే తెలుస్తుంది, చేతులు ముఖం మీద పాకవు, అలా ఆనించి, కాసేపు ఉంచి, తీసేస్తారు. నా దృష్టిలో జపాన్ పద్ధతి మొత్తం ఆ చేతుల్లోనే ఉంది, సీసాలన్నీ దాని తర్వాతే.

ఎందుకంటే చర్మం పైపొర చాలా పల్చన. ముఖం మీద అది ఒక మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం ఉంటే గొప్ప. చచ్చిన కణాలు వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి, వాటి మధ్య సందుల్లో సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన జిడ్డు పదార్థం ఉంటుంది. లోపలి నీళ్ళు బయటికి పోకుండా, బయటి చెత్త లోపలికి రాకుండా ఆపేది ఇదే. కొత్త కణం అడుగున పుట్టి పైకి వచ్చి రాలిపోవడానికి వయసులో ఉన్నవాళ్ళకి నాలుగు వారాలు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. అంటే పాత కణాలు వాటంతట అవే రాలిపోతున్నాయి, మనం గీకి తీయాల్సిన అవసరం ఏమీ లేదు. గీకితే ఆ జిడ్డు కూడా పోతుంది, నీళ్ళు ఆవిరైపోతాయి, చర్మం బిగుసుకుపోయినట్టు అవుతుంది. చాలామంది ఆ బిగుతునే "శుభ్రంగా కడిగాను" అనుకుంటారు. సబ్బు గొడవ ఇంకోటి. చర్మం సహజంగా కాస్త ఆమ్లగుణంతో పీహెచ్ 5 దగ్గర ఉంటుంది, మామూలు స్నానం సబ్బు 9, 10 దగ్గర ఉంటుంది. మన బోరు నీళ్ళలో ఆ సబ్బు సరిగ్గా కరగదు కూడా, తెల్లటి తరకలా చర్మానికి అంటుకుని ఉండిపోతుంది. టోక్యోలో కుళాయి నీళ్ళు లవణాలు తక్కువ ఉండే మెత్తటి నీళ్ళు కాబట్టి వీళ్ళకి ఆ ఇబ్బంది తక్కువ. మీ ఇంట్లో బోరు నీళ్ళయితే కనీసం ముఖానికి సబ్బు ఆపేసి, మైల్డ్ ఫేస్‌వాష్‌కి మారండి.

ఇదంతా జపాన్ వాళ్ళకి పుట్టుకతో వచ్చిన జ్ఞానం అనుకోకండి. వీళ్ళూ రుద్దినవాళ్ళే. ఒళ్ళు తోముకోవడానికి పొడుగ్గా ఉండే నైలాన్ టవల్స్ ఇక్కడ ఇంటింటికీ చేరాక, 1980లలో చర్మ వైద్యుల దగ్గరికి ఒక కొత్త రకం మచ్చలతో జనం రావడం మొదలైంది. కాలర్ ఎముక మీద, వెన్నెముక పొడుగునా, భుజం ఎముకల మీద, అంటే తోమేటప్పుడు కింద ఎముక గట్టిగా తగిలే చోటల్లా గోధుమరంగు నల్లని మరకలు. మురికి అనుకుని ఇంకా గట్టిగా తోమేవాళ్ళు, మచ్చ ఇంకా నల్లబడేది. చివరికి కారణం ఆ టవలే అని డాక్టర్లు తేల్చారు, దానికి రాపిడి వల్ల వచ్చే నలుపు అనే అర్థంలో ఒక జబ్బు పేరే పెట్టారు. ఇప్పటికీ ఆ టవల్స్ షాపుల్లో అమ్ముతున్నారు, కానీ ఏ స్కిన్ డాక్టర్‌ని అడిగినా "నురగ చేసుకుని చేత్తో కడుక్కోండి చాలు" అంటారు.

ఇది చదువుతుంటే మన ఇళ్ళల్లో బాత్రూమ్ మేకుకి వేలాడే పీచు గుర్తు రావాలి. వీపు పైభాగంలో, మోచేతికి పైన, ముంజేతుల మీద అలలు అలలుగా నల్లటి మచ్చలు ఉన్న ఆడవాళ్ళు మనలో ఎంతమందో. దానికీ ఏళ్ళ తరబడి పీచుతో, నైలాన్ స్క్రబ్బర్‌తో తోమడానికీ సంబంధం ఉందని మన డాక్టర్లూ చెబుతారు. మెడ నలుపు సంగతి మాత్రం వేరు, ఇది కచ్చితంగా చెప్పాలి. మెడ వెనక, చంకల్లో వెల్వెట్‌లా మందంగా నల్లబడితే అది చాలాసార్లు ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం వల్ల వస్తుంది. నిమ్మచెక్కతోనూ పసుపుతోనూ రుద్దితే పోదు. షుగర్ టెస్ట్ చేయించుకోండి. ముఖ్యంగా ఎదిగే పిల్లల్ని "మెడ సరిగ్గా తోముకోవు" అని తిట్టకండి, ఆ పిల్లకి మీరు చేయాల్సింది రక్తపరీక్ష.

అమ్మ గుంటూరు నుంచి మా దగ్గరికి వచ్చినప్పుడు ముఖం కడగడం దగ్గరే పెద్ద చర్చ జరిగింది. నురగ చేసుకోవడానికి ఇక్కడ చిన్న నైలాన్ వల సంచీలు దొరుకుతాయి, వంద యెన్‌ల షాపులో కూడా ఉంటాయి. దాన్ని తడిపి, కొంచెం ఫేస్‌వాష్ వేసి, చేతుల మధ్య నలిపితే ఒక నిమిషంలో గుప్పెడు నురగ వస్తుంది, అరచెయ్యి బోర్లిస్తే కింద పడనంత గట్టిగా. ఆ నురగని ముఖం మీద పెట్టి, వేళ్ళు చర్మానికి తగలకుండా నురగని మాత్రమే కదపాలి, ముందు నుదురు, ముక్కు, ఆ తర్వాత చెంపలు, కళ్ళ చుట్టూ చివర్లో. గోరువెచ్చని నీళ్ళతో చాలాసార్లు కడిగి, మెత్తటి తువ్వాలుని ముఖానికి అద్దాలి. అమ్మ చూసి "ఏంటే ఇది, రుద్దకుండా మురికి ఎట్లా పోద్దే?" అంది. "అమ్మా, నువ్వు ఇంట్లోనే ఉన్నావు, నీ ముఖానికి మురికి ఎక్కడిది, చెమటా జిడ్డూ తప్ప" అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు, పసిపిల్లకి కడిగినట్టు కడిగితే ఏం లాభం అంది. నేను మాత్రం పసిపిల్లకి కడిగినట్టే కడగాలని పట్టుబట్టాను. ఒక వారం పోయాక తనే ఆ వల సంచీ అడిగి తీసుకుంది. చెంపలు మంట పుట్టడం తగ్గిందట.

ఇక నూనె. రెండుసార్లు కడగడం అని మీరు వినే ఉంటారు, ముందు నూనెతో, తర్వాత నురగతో. దీన్ని జపాన్‌లో బాగా ప్రచారంలోకి తెచ్చినవాళ్ళలో షూ ఉయెమురా గారు ఒకరు, మేకప్ ఆర్టిస్టు, హాలీవుడ్‌లో పనిచేసి వచ్చి 1967లో తన క్లెన్సింగ్ ఆయిల్ మొదలుపెట్టారు. అందులో ఉన్న తెలివేంటంటే, మేకప్, సన్‌స్క్రీన్, ముఖం మీద జిడ్డు ఇవన్నీ నీళ్ళకి కరగవు, నూనెకి కరుగుతాయి. అయితే వట్టి నూనె రాస్తే అది ముఖానికే ఉండిపోతుంది. అందుకని ఆ నూనెలో నీళ్ళు తగలగానే పాలలా తెల్లబడి కరిగి జారిపోయేలా చేసే పదార్థం కలుపుతారు. వాడే పద్ధతి ముఖ్యం. చేతులూ ముఖమూ పొడిగా ఉండాలి, నూనె కాస్త ఎక్కువే తీసుకోవాలి (తక్కువ తీసుకుంటే మళ్ళీ రాపిడే), అర నిమిషం నెమ్మదిగా తిప్పాలి, తర్వాత కొంచెం నీళ్ళు తడిపి తెల్లబడేదాకా కలపాలి, అప్పుడు కడగాలి. ఆ తెల్లబరిచే మెట్టు చాలామంది వదిలేస్తారు, దాంతో నూనె సగం ముఖం మీదే ఉండి మొటిమలు వస్తాయి, "నాకు ఆయిల్ క్లెన్సింగ్ పడదు" అంటారు.

మనవాళ్ళకి ఇది వింతగా అనిపించాల్సిన పనేమీ లేదు. పండగ రోజు తెల్లారుజామున ఒళ్ళంతా నువ్వుల నూనె పట్టించి, సున్నిపిండితో నలుగు పెట్టి, కుంకుడుకాయ రసంతో తలంటు పోయడంలో ఉన్నదీ ఇదే వరస, ముందు నూనె, తర్వాత ఆ నూనెని తీసుకుపోయేది. తేడా నలుగు దగ్గర వస్తుంది. నలుగుని మట్టి రాలేట్టు రుద్దుతాం. పసిపిల్లలకైతే ఏడ్చేదాకా. సున్నిపిండి మానేయమని అనను, మెత్తగా జల్లించి, పాలతోనో నీళ్ళతోనో జారుగా కలిపి, రుద్దకుండా పూసి కడిగేయండి, ముఖానికి బరకగా ఉన్న పిండి వద్దు. ఇంకోటి, మేకప్ తీయడానికి ఇంట్లో ఉన్న కొబ్బరినూనె వాడి కడిగేసుకునేవాళ్ళకి, మొటిమలు వచ్చే చర్మమైతే అది మంచిది కాదు, రంధ్రాలు మూసుకుంటాయి. ఇక మేకప్ వేయకుండా, సన్‌స్క్రీన్ కూడా రాయకుండా ఇంట్లో ఉన్న రోజున రెండుసార్లు కడగాల్సిన పనే లేదు, ఇక్కడివాళ్ళలో కూడా చాలామంది పొద్దున్న వట్టి నీళ్ళతోనే కడుక్కుంటారు.

కడిగిన వెంటనే నీళ్ళ మెట్టు. జపాన్‌లో లోషన్ అంటే మనం శీతాకాలంలో ఒంటికి పూసుకునే తెల్లటి లోషన్ కాదు, నీళ్ళలా ఉండే పల్చటి ద్రవం. దీని మీద వీళ్ళకున్న ప్రేమ పాతది. టోక్యోలోని గింజా అనే చోట 1872లో మందుల షాపుగా మొదలైన షిసేడో, 1897లో యూడర్మిన్ అనే ఎర్రరంగు లోషన్ తెచ్చింది, ఆ పేరుతో ఇప్పటికీ అమ్ముతోంది. ఇప్పుడు మామూలు జనం వాడేది మందుల షాపులో దొరికే చవక రకాలు, కంటి చుక్కల మందులు చేసే రోటో కంపెనీ హడా లాబో గోకుజున్ లాంటివి, వెయ్యి యెన్‌లు పెడితే వచ్చేస్తుంది. హయలురానిక్ యాసిడ్, గ్లిజరిన్ లాంటి నీటిని పట్టి ఉంచే పదార్థాలే అందులో ముఖ్యం. దాన్ని అరచేతిలో పోసుకుని, రెండు చేతులకీ పరిచి, ముఖానికి అదుముతారు. ఒకసారి, అది ఇంకాక మళ్ళీ ఒకసారి. చెంప చేతికి అంటుకున్నట్టు అనిపిస్తే చాలు.

ఇక్కడ చిజు సాయెకి గారి గురించి చెప్పకుండా ఉండలేను. 1943లో పుట్టి 2020లో పోయారు, ఫ్రెంచ్ కాస్మెటిక్ కంపెనీల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, 60 దాటిన వయసులో దేశమంతా తెలిసిన మనిషయ్యారు. ఆవిడ నేర్పిన లోషన్ మాస్క్ ఎంత సులభమంటే, దూదిని నీళ్ళలో తడిపి పిండి, దాని మీద లోషన్ చుక్కలు వేసి, ఆ దూదిని పొరలు పొరలుగా విడదీసి ముఖమంతా పరిచి మూడు నిమిషాలు ఉంచడం. అంతే. ముందు నీళ్ళతో తడపడం వల్ల లోషన్ కొంచెమే సరిపోతుంది. మూడు నిమిషాలు దాటనివ్వకూడదు, దూది ఆరడం మొదలుపెడితే ముఖంలో తేమ కూడా దాంతోపాటే పోతుంది. ఖరీదైన షీట్ మాస్కులు కొనేవాళ్ళు ఒక్కసారి ఇది చేసి చూడండి. ఎండలో తిరిగి వచ్చిన రోజు నాకు దీనికి మించింది లేదు.

నీళ్ళ మీద మూత పెట్టాలి. లోషన్ రాసి ఊరుకుంటే ఏసీ గదిలో అది కాసేపట్లో ఆవిరైపోతుంది. దాని మీద పాలలాంటి మాయిశ్చరైజర్ గానీ, సెరమైడ్ ఉన్న క్రీము గానీ రాస్తారు. ఎంత రాయాలన్నది మీరుండే ఊరు చెబుతుంది. టోక్యో శీతాకాలం చాలా పొడి, జనవరి మధ్యాహ్నాల్లో గాల్లో తేమ 30 శాతానికి కూడా పడిపోతుంది, అందుకే ఇక్కడ పొరల మీద పొరలు. విశాఖలోనో కాకినాడలోనో ఉంటూ మే నెలలో అలాగే చేస్తే ముఖం జిడ్డోడి చెమటపొక్కులు వస్తాయి. అక్కడ లోషన్ ఒకటీ, దాని పైన జెల్ మాయిశ్చరైజర్ కొంచెం, చాలు. ఆదిలాబాద్ చలికాలానికి మాత్రం క్రీము ధారాళంగా కావాలి. స్నానం విషయంలో కూడా, వీళ్ళ తొట్టి స్నానం 40 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంతకన్నా వేడి నీళ్ళు చర్మంలోని జిడ్డుని లాగేస్తాయి. మనం సలసలా కాగే నీళ్ళు పోసుకుంటేనే స్నానం చేసినట్టు అనుకుంటాం కదా, ఒంటి దురద పుట్టేవాళ్ళు ముందు ఆ వేడి తగ్గించండి, తడి పూర్తిగా ఆరకముందే ఒంటికి క్రీము రాయండి.

ఎండ గురించి వీళ్ళకున్నంత పట్టుదల నేను ఇంకెక్కడా చూడలేదు. సన్‌స్క్రీన్ డబ్బాల మీద ఎస్‌పీఎఫ్ పక్కన పీఏ అని ప్లస్ గుర్తులు ఉంటాయి చూడండి, ఆ కొలత జపాన్ వాళ్ళు 1996లో మొదలుపెట్టిందే. 2013లో నాలుగో ప్లస్ చేరింది. ఎస్‌పీఎఫ్ చెప్పేది ఎండలో చర్మాన్ని ఎర్రగా కాల్చే యూవీబీ కిరణాల గురించి. పీఏ చెప్పేది యూవీఏ కిరణాల గురించి, అది లోపలికి దిగుతుంది, కిటికీ అద్దంలోంచి కూడా వస్తుంది, ముడతలకీ మచ్చలకీ దారి తీసేది ఎక్కువగా అదే. మన చర్మం చామనఛాయ కాబట్టి తొందరగా కాలదు నిజమే, కానీ నలుపు మచ్చలు పడటం మనకే ఎక్కువ. టోక్యో ఎక్కడో 35వ అక్షాంశం పైన ఉంది, హైదరాబాద్ 17 దగ్గర ఉంది, మన వేసవి మధ్యాహ్నం యూవీ సూచిక (ఈ కిరణాల తీవ్రతని కొలిచే అంకె) 11 దాటిపోతుంది. వీళ్ళకన్నా మనకే సన్‌స్క్రీన్ అవసరం ఎక్కువ.

అందరూ రాసేది మాత్రం చాలా తక్కువ. డబ్బా మీద ఉన్న నంబరు రావాలంటే ఒక చదరపు సెంటీమీటరుకి రెండు మిల్లీగ్రాములు రాయాలి, పరీక్షలు చేసేది ఆ లెక్కతోనే. జపాన్‌లో దీన్ని అందరికీ అర్థమయ్యేలా చెబుతారు: క్రీము రకమైతే ముత్యమంత, నీళ్ళ రకమైతే ఒక యెన్ నాణెమంత తీసుకుని ముఖమంతా రాయండి, తర్వాత మళ్ళీ అంతే తీసుకుని ఇంకోసారి రాయండి. రెండుసార్లు అన్నదే అందులో కీలకం. బియోరే అక్వా రిచ్, అనెస్సా లాంటివి తెల్లగా కనపడకుండా నీళ్ళలా పరుచుకుంటాయి కాబట్టి రెండుసార్లు రాసినా బరువుగా ఉండదు, మన ఛాయకి బూడిద పూసినట్టు కనపడదు. అయితే మంగు ఉన్నవాళ్ళకి ఒక మాట, మామూలు వెలుతురు కూడా మంగుని పెంచుతుంది, దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్లు కలిసిన రంగు సన్‌స్క్రీన్. జపాన్‌వి ఎక్కువగా రంగు లేనివి. కాబట్టి మీ ఛాయకి కలిసే రంగు రకం ఇండియాలోనే చూసుకోండి, అదే మీకు మేలు.

సన్‌స్క్రీన్ ఒక్కదాన్నే నమ్ముకోరు ఇక్కడ. ఎండాకాలం ఏ వీధిలో చూసినా గొడుగులే, లోపల నల్లపూత వేసినవి, చేతులకి మోచేతుల పైదాకా తొడుగులు. మగవాళ్ళు గొడుగు పట్టడానికి మొహమాటపడుతుంటే 2019లో ఏకంగా పర్యావరణ శాఖే ముందుకొచ్చి ఎండదెబ్బ తగలకుండా మగవాళ్ళూ గొడుగు వాడండి, ఫాదర్స్ డేకి నాన్నకి గొడుగు కొనివ్వండి అని ప్రచారం చేసింది. స్కూటీ మీద వెళ్ళే మన అమ్మాయిలు ముఖానికి చున్నీ చుట్టుకోవడం చూసి కొందరు నవ్వుతారు, నాకు అది సన్‌స్క్రీన్ కన్నా నమ్మకమైన పద్ధతి అనిపిస్తుంది. మానకండి.

మంగు మాట వచ్చింది కాబట్టి. అమ్మకి చెంపల మీద మంగు ఉంది, నేను పుట్టినప్పటి నుంచి ఉందట. గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వేసుకున్నప్పుడు హార్మోన్ల వల్ల రావడం, ఎండ దాన్ని పెంచడం మనందరికీ తెలిసిందే, కానీ రాపిడి కూడా పెంచుతుందని ఇక్కడి డాక్టర్లు గట్టిగా చెబుతారు. మంగు పోవాలని రోజూ దాని మీదే ఏదో ఒకటి అరగదీసి రుద్దే మనవాళ్ళకి ఈ ఒక్క మాట చేరితే చాలు, ఈ పోస్టు రాసిన ఫలితం దక్కినట్టే.

దీనికి జపాన్ ఇచ్చిన మందు కథ నాకు చాలా ఇష్టం. ట్రానెక్సామిక్ యాసిడ్. ఉతాకో ఒకామోతో గారు, ఆవిడ భర్త షోసుకే గారు ఇద్దరూ రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి రోజుల్లో, సరైన వసతులు లేని ల్యాబులో పనిచేసి 1962లో దీని గురించి ప్రకటించారు. అది రక్తస్రావం ఆపే మందు, కాన్పు తర్వాత రక్తం పోయి చనిపోయే తల్లుల్ని బతికించాలన్నది ఆవిడ కోరిక. 1979లో జపాన్‌లోనే వేరే జబ్బుకి ఈ మందు వాడుతున్న మనిషికి మంగు పల్చబడటం గమనించారు, అలా ఇది చర్మం దారి పట్టింది. 2002 నుంచి క్రీముల్లో మచ్చలు తగ్గించే పదార్థంగా అనుమతి ఉంది, 2007లో మంగు కోసం ట్రాన్సినో అనే మాత్ర మందుల షాపుల్లోకి వచ్చింది. ఆవిడ అసలు కోరిక నెరవేరిందా అంటే, 21 దేశాల్లో 20 వేల మంది తల్లుల మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి, కాన్పయిన మూడు గంటల లోపు ఇస్తే రక్తస్రావంతో చనిపోయేవాళ్ళు దాదాపు మూడో వంతు తగ్గారు. ఒకామోతో గారు 2016లోనే కన్నుమూశారు, 98 ఏళ్ళ వయసులో. మాత్రలు మాత్రం ఎవరో తెచ్చిచ్చారని వేసుకోకండి, రక్తం గడ్డకట్టే గుణం ఉన్నవాళ్ళకి, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకి ప్రమాదం. ట్రాన్సినో కూడా రెండు నెలలు మించి ఆపకుండా వాడకూడదు. డాక్టర్ చెబితేనే.

తెలుపు పిచ్చి గురించి కూడా మాట్లాడాలి, ఎందుకంటే జపాన్ పేరు చెప్పి మన దగ్గర అమ్ముతున్నది ఎక్కువగా దాన్నే. తెల్లటి ఛాయ ఏడు లోపాల్ని కప్పేస్తుందని వీళ్ళకీ ఒక పాత సామెత ఉంది. ఆ తెలుపు కోసం గీషాలూ (ఆటపాటలతో అతిథుల్ని అలరించే కళాకారిణులు), కబుకీ అనే సంప్రదాయ నాటకం ఆడే నటులూ శతాబ్దాల పాటు పూసుకున్న పొడిలో సీసం ఉండేది. 1887లో మేజీ చక్రవర్తి ముందు నాటకం ఆడుతూ ఒక పేరున్న కబుకీ నటుడికి కాళ్ళు వణికాయి, అది సీసం విషమని తేలి దేశమంతా గగ్గోలైంది. అయినా సీసం పొడి తయారీని నిషేధించేసరికి 1930లు వచ్చాయి. కాబట్టి గీషా రహస్యం అని ఎవరైనా ఏదైనా అమ్మితే నాకు ముందు ఆ పొడే గుర్తొస్తుంది. ఈ కాలంలో కూడా అలాంటిది జరిగింది, రోడోడెనాల్ అనే తెల్లబరిచే పదార్థం కలిసిన క్రీములు వాడినవాళ్ళకి ముఖం మీద, మెడ మీద బొల్లిలా తెల్లటి మచ్చలు వచ్చాయి. 2013 జులైలో కనెబో కంపెనీ వాటిని వెనక్కి తీసుకుంది, 19 వేల మందికి పైగా బాధితులు. ప్రభుత్వం అనుమతించిన పదార్థమే అది.

ఇక్కడి చట్టం ప్రకారం ఇలాంటి క్రీములు చెప్పుకోదగిన మాట ముఖ్యంగా ఇంతే, మెలనిన్ తయారవడాన్ని తగ్గించి మచ్చలు రాకుండా చూస్తుంది అని. పుట్టుకతో వచ్చిన రంగుని మారుస్తుంది అనకూడదు. 2021లో కావో కంపెనీ తెల్లబరచడం అన్న మాటనే తమ డబ్బాల మీద నుంచి తీసేస్తామంది, చర్మం రంగుల్లో ఒకటి ఎక్కువా ఇంకోటి తక్కువా అనే అర్థం రాకూడదని. మన ఊళ్ళల్లో మందుల షాపుకెళ్ళి "తెల్లబడే క్రీము ఇవ్వండి" అంటే చీటీ లేకుండానే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతిలో పెడుతున్నారు. వారం రోజులు ముఖం మెరుస్తుంది, నిజమే. ఆ తర్వాత చర్మం పల్చబడి రక్తనాళాలు బయటికి కనపడతాయి, మొటిమలు, ఎరుపు, మంట, ముఖం మీద వెంట్రుకలు, ఆపేస్తే ఇంకా మండుతుంది. పెళ్ళి కుదిరిన అమ్మాయిలకి ఇంట్లోవాళ్ళే ఇవి కొనిపెట్టడం నేను చూశాను, నాకు చాలా బాధగానూ కోపంగానూ ఉంటుంది. ట్యూబు వెనక బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, నెమ్మదిగా తగ్గించి మాన్పిస్తారు.

బియ్యం సంగతి చాలామంది అడుగుతారు. జపాన్‌లో ఎదో యుగం అని పిలిచే పాత కాలంలో ఆడవాళ్ళు చిన్న గుడ్డసంచిలో తవుడు పోసి కట్టి, తడిపి, దాంతో ముఖం అద్దుకునేవాళ్ళు, సబ్బు లేని రోజుల్లో అదే సబ్బు. సాకే (బియ్యంతో చేసే మద్యం) కాచేవాళ్ళ చేతులు ముసలితనంలో కూడా మెత్తగా ఉండటం చూసి పరిశోధన మొదలుపెట్టామని కంపెనీలు చెప్పే కథ కూడా మీరు విని ఉంటారు, 1980లో వచ్చిన ఎస్‌కే టూ అనే బ్రాండు దాని మీదే నిలబడింది, బాగా ఖరీదు. ఆ మెత్తదనం కావాలంటే కోబేలో 1659 నుంచి సాకే కాస్తున్న కికుమసామునే వాళ్ళ లోషన్ అర లీటరు సీసా మామూలు షాపుల్లో చవకగా దొరుకుతుంది, మద్యం వాసన కాస్త వస్తుంది, ఒంటికి కూడా ధారాళంగా రాసుకోవచ్చు. సాకే చేసే బూజు నుంచే 1907లో కోజిక్ యాసిడ్ కనిపెట్టారు, అది మచ్చల మీద పనిచేస్తుంది, కానీ దాని పేరుతో ఆన్‌లైన్లో వచ్చే ఘాటు సబ్బులు వద్దు, కడిగేస్తే పోయే సబ్బులో అది చేసేది తక్కువ, ఎండబెట్టేది ఎక్కువ. ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు ముఖానికి వాడేవాళ్ళు ఆ రోజువి ఆ రోజే వాడండి, పులియబెట్టి రోజుల తరబడి దాచినవి వద్దు, ఏ క్రిములు పెరుగుతాయో తెలియదు. చర్మానికి మంచిదని తాగే కొల్లాజెన్ డ్రింకుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ఆ డబ్బుతో సన్‌స్క్రీన్ కొనండి.

ఎవరైనా జపాన్ నుంచి వస్తూ "ఏం తెమ్మంటావు" అని అడిగితే, సన్‌స్క్రీన్, క్లెన్సింగ్ ఆయిల్, నురగ వల సంచీలు చెప్పండి. తెల్లబడే మాత్రలు చెప్పకండి. తెచ్చినవాటి మీద ఎక్స్‌పైరీ తేదీ కనపడకపోతే నకిలీ అని భయపడొద్దు, సీల్ తీయకుండా మూడేళ్ళకి పైగా పాడవకుండా ఉండేవాటికి ఇక్కడ తేదీ ముద్రించక్కర్లేదు. సీల్ తీసిన నెల డబ్బా అడుగున పెన్నుతో రాసి పెట్టుకోండి. సన్‌స్క్రీన్ అయితే ఆ వేసవిలోనే పూర్తిచేసేయండి, రోజూ సరిగ్గా రాస్తే ఎలాగూ తొందరగానే అయిపోతుంది, కాబట్టి ఒకటి తెచ్చేవాళ్ళని నాలుగు తెమ్మనండి.